మూడో కిక్కు తర్వాత

మీ బండి స్టార్ట్ కాక, చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయేదాకా మీరు కిక్కు మీద కిక్కు కొడుతున్నప్పుడు, వెనుక సీటు ఎక్కడానికి నిలబడి ఉన్న మనిషి మొహం ఎన్నడైనా చూశారా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడానికి పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లలో శకునాల మీద, ముహూర్తాల మీద, దిష్టి నిమ్మకాయల మీద ఎన్ని సభల్లో మాట్లాడానో గుర్తు లేదు. గొంతు ఉపన్యాసాలకు పోయింది. కుడి మోకాలు కిక్కులకు పోయింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. పట్టుకున్న ప్రతిసారీ ఒక పొద్దు గుర్తుకొస్తుంది. ఇక దాన్ని మోసే ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బయిల చివరి మాట. వరంగల్‌లో, మట్టెవాడలో, ఒకే ప్రహరీలో రెండు వాటాల ఇల్లు మాది. ముందు వాటాలో మా అక్క, బావ. వెనుక వాటాలో నేను, నా భార్య. బావకు చౌరస్తాలో బట్టల దుకాణం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారాలు పాలకుర్తి వైపు ఊళ్లకు పోయి చేతబడి లేదని, బాణామతి లేదని, ఎవరినీ మంత్రగాళ్లని పళ్లు రాలగొట్టి చంపొద్దని చెప్పి వచ్చేవాణ్ణి. బస్సులు పోని ఊళ్లు. ఆ ఊళ్ల కోసమే బండి కొన్నాను. అప్పటికే ఇద్దరి చేతులు మారిన పెద్ద మోటార్‌సైకిల్.

దాన్ని స్టార్ట్ చేయడం ఒక చదువు. పెట్రోలు కాక్ తిప్పాలి. కార్బొరేటర్ పక్కన టిక్లర్ అని చిన్న మీట ఉంటుంది, దాన్ని ఒకటి రెండు సార్లు నొక్కి, వేలికి పెట్రోలు తగలగానే ఆపాలి. కిక్ రాడ్డును కాలితో మెల్లగా దించుతూ హెడ్‌లైట్ మీది మీటరు ముల్లు చూడాలి. ముల్లు నడుమకు రాగానే ఎడమ చేతి కింది లివరు నొక్కి సిలిండర్‌లో గాలి వదలాలి. అప్పుడు ఒళ్లంతా లేపి ఒక్క దెబ్బ. వరస తప్పితే రాడ్డు ఎదురు తిరిగి పిక్క మీద కొడుతుంది. నా పిక్క మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ వరస నేను క్లాసులో కూడా చెప్పేవాణ్ణి. ఇందులో దేవుడు ఎక్కడున్నాడో చూపించండి అని పిల్లల్ని అడిగేవాణ్ణి.

బావ చూపించేవాడు. ఆయన బండి చిన్నది, నెమ్మదైనది, ఎప్పుడో కానీ మొండికేయదు. మొండికేసిన రోజు మాత్రం మూడు కిక్కులే. మూడో కిక్కుకు లేవకపోతే బండి స్టాండు వేసి, చెప్పులు విడిచి, లోపలికి పోయి పీట మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగేవాడు. తాగి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, మళ్లీ బయటికి వచ్చేవాడు. మా బజారులో దుకాణదారులు చాలామంది అంతే. మూడు కిక్కులు దాటి కొడితే పోయే పని చెడుతుందని వాళ్ల నమ్మకం.

"బండికి చెవులున్నయా బావా, లెక్క పెడతాంది?" అనేవాణ్ణి.

"చెవులు లేకపోతే నువ్వు రోజు దానికి ఉపన్యాసం ఎందుకు చెప్తానవ్ బామ్మర్దీ?" అనేవాడు బావ.

ఆ మాటకు అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ లోపల మండేది. వాడకట్టంతటికీ నేను దేవుడు లేడనే సారును. నా బండి ఎన్నో కిక్కుకు లేస్తుందో ఎదురింటి వాళ్లు కూడా లెక్కపెట్టేవాళ్లు. లెక్కపెడుతున్నారని నాకు తెలుసు. అందుకే నేనూ లెక్కపెట్టేవాణ్ణి. శకునం లేదని నిరూపించడానికి లెక్కపెట్టేవాడికీ, ఉందని లెక్కపెట్టేవాడికీ తేడా ఏమిటని అప్పుడు నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇక నా భార్య సంగతి. వ్యాసాల్లో నేను ఆమెను సహచరి అని రాసేవాణ్ణి. ఆమె బీఈడీ చదివి నాలుగేళ్లు ఇంట్లో కూర్చుంది. నాలుగేళ్లూ దరఖాస్తులు పెట్టింది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినబడితే పొయ్యి మీది గిన్నె వదిలి గుమ్మం దాకా వచ్చేది. చివరికి నెక్కొండలో ఒక బడి నుంచి కాగితం వచ్చింది. తెలుగు టీచరు పోస్టు. ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల వచ్చి చేరాలి, రాకపోతే జాబితాలో తర్వాతి మనిషిని తీసుకుంటామని అందులో ఉంది. కాగితం ఆలస్యంగా అందింది. చేతిలో మిగిలింది ఒక్క రోజు.

నెక్కొండకు పొద్దున తొమ్మిదికి ప్యాసింజరు ఉంది. దిగితే బడి నడిచిపోయేంత దూరం. ఆ రైలు తప్పితే నెక్కొండలో ఆగే ఇంకో రైలు సాయంత్రమే.

ఆ పొద్దు ఎనిమిదింటికల్లా ఆమె తయారైంది. ఆకుపచ్చ అంచు నేత చీర. సర్టిఫికెట్లన్నీ అట్ట ఫైలులో పెట్టి దాని మీద చేతిరుమాలు చుట్టింది. "వీధి మొగకు రిక్షా ఉన్నది, నేను పోత" అంది. నేనే వద్దన్నాను. స్టేషనుకు నేనే దింపుతానన్నాను. అందులో ప్రేమ లేదనను. అయితే నెక్కొండకు ఉద్యోగానికి పోతున్న భార్యను సారు బండి మీద దింపి వచ్చాడని వాడకట్టు చూడాలన్న ఆశ కూడా ఉంది.

ఎనిమిదిన్నరకు మొదటి కిక్కు కొట్టాను. లేవలేదు. రెండోది. మూడోది.

అరుగు మీద బావ దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇగ ఆపు బామ్మర్దీ. స్టాండేసి లోపలికి రా. జర నీళ్లు తాగి కొట్టు."

"నువ్వు తాగు బావా. నేను బండి మీద పోతాన, పీట మీద కాదు."

"చెల్లె నౌకరికి పోతాంది. మంచిగ పోనీరాదు."

"మంచిగనే పోతది. నీ మూడు కిక్కులతోటి పోదు, నా నాలుగో కిక్కుతోటి పోతది. చూస్తుండు."

నాలుగో కిక్కుకూ లేవలేదు. ఎదురింటి అరుగు మీదికి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నేను టిక్లర్ నొక్కాను. అయిదు. మళ్లీ నొక్కాను. ఆరు, ఏడు. పెట్రోలు ఇంజను మీద కారి వాసన వచ్చింది. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు తడిసిపోతుందని, తడిసిన ప్లగ్గుకు నిప్పు రాదని, అప్పుడు కొట్టిన కొద్దీ ఇంకా తడుస్తుందని నాకు తెలుసు. వంద మంది పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ పొద్దు నా తల ఇంజను దగ్గర లేదు, అరుగు మీద ఉంది.

"ఎన్నోది సారూ?" అని ఎదురింటాయన అడిగాడు.

"నీకెందుకు? నువ్వేమన్న బండికి జాతకం రాస్తానవా?" అన్నాను.

నవ్వారు. నవ్వించాను కదా అని నాకు బలం వచ్చింది. ఇంకోటి కొట్టాను.

అప్పుడు నా వెనుక నుంచి ఆమె అంది. "టైం అయితాంది. నేను రిక్షాల పోత. జర ఫైలు ఇయ్యుండ్రి." ఫైలు ట్యాంకు మీద, నా ముందు ఉంది.

నేను వెనక్కి తిరగకుండా ఏమన్నానో రాస్తున్నాను, చదవండి. "ఇప్పుడు నువ్వు రిక్షా ఎక్కితే వీళ్ల నమ్మకానికి సలాం కొట్టినట్టే. సాయంత్రం హన్మకొండల నేను శకునాల మీద మాట్లాడాలె. ఏ మొహం పెట్టుకొని మాట్లాడుత? ఇంకొక్క కిక్కు."

ఆమె ఆగింది. నా మీటింగుల్లో వెనుక బెంచీలో కూర్చుని, నా కరపత్రాలు తన చేత్తో మడిచి, పెళ్లిలో నేను మంగళసూత్రం వద్దంటే సరేనని పుట్టింటితో మాట పోగొట్టుకున్న మనిషి. నా మాటకు ఆగింది. ఒక్క కిక్కు పది కిక్కులైంది. మధ్యలో రాడ్డు ఒకసారి ఎదురు తిరిగి మోకాలు కలుక్కుమంది. నేను పళ్లు బిగించి కొడుతూనే ఉన్నాను.

తొమ్మిదికి ఇంకా కొద్ది నిమిషాలు ఉందనగా ఆమె ట్యాంకు మీది ఫైలు తీసుకుంది. ఈసారి అడగలేదు. రిక్షా ఆగే వీధి మొగ దాకా నడవలేదు, పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఎదిగిన ఆడమనిషి నడివీధిలో పరుగెత్తుతుంటే అరుగు మీద ఎవరూ నవ్వలేదు.

నేను బండి స్టాండు వేసి అరుగు మెట్టు మీద కూలబడ్డాను. బావ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. "తాగు" అన్నాడు, వేళాకోళం లేకుండా. తాగాను. మోకాలు నొక్కుకుంటూ కాసేపు కూర్చున్నాను. లేచి ఒక్క కిక్కు కొట్టాను. బండి గుడ్డు పగిలినంత సులువుగా అందుకుంది.

"చూసినవా?" అన్నాడు బావ.

నేను బండిని స్టేషనుకు ఉరికించాను. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. టీ అమ్మేవాడు గ్లాసులు కడుగుతున్నాడు. ప్యాసింజరు పోయిందా అంటే పోయిందన్నాడు. ఆమె ఎక్కడా కనబడలేదు. కనబడలేదంటే ఎక్కిందనుకున్నాను. వరంగల్ స్టేషను ఎదురుగానే బస్టాండు. రోడ్డు దాటి అటు ఒకసారి చూసి ఉంటే చాలు, నా బండి మీద నెక్కొండకు పన్నెండు లోపల సుఖంగా చేరేవాళ్లం. నేను చూడలేదు. నాకు కావలసిన జవాబు ఖాళీ ప్లాట్‌ఫారం చెప్పేసింది. పరిశీలన, ఆధారం, నిర్ధారణ అని ఏళ్ల తరబడి బోర్డు మీద రాసినవాణ్ణి, ఒక రోడ్డు దాటలేకపోయాను.

ఇంటికి వచ్చి బావతో గట్టిగా, ఎదురింటికి కూడా వినబడేలా అన్నాను. "ఇరవై కిక్కులు కొట్టిన. రైలు దొరికింది. పని అయింది. ఏడ వోయింది నీ శకునం?"

"దొరికితే సంతోషమే" అన్నాడు బావ, దుకాణానికి పోతూ.

సాయంత్రం హన్మకొండలో, గ్రంథాలయం హాలులో మీటింగు. నలభై యాభై మంది వచ్చారు. నేను సిద్ధం చేసుకున్న కాగితాలు పక్కన పెట్టి పొద్దుటి కథ చెప్పాను. బావ పేరు చెప్పలేదు, ఒక వర్తకుడన్నాను. మూడు కిక్కులు, చెంబెడు నీళ్లు, పీట, అన్నీ అభినయించి చూపాను. జనం పగలబడి నవ్వారు. "మూడో కిక్కు దగ్గర ఆగి ఉంటే నా సహచరి ఇవాళ ఉద్యోగంలో చేరేదా?" అని అడిగాను. లేదు లేదు అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలోనే ఆమె వచ్చింది. ఇంటి తాళంచెవి నా జేబులో ఉంది, అందుకని తిన్నగా హాలుకే వచ్చింది. తలుపు దగ్గర, చెప్పుల పక్కన నిలబడింది. ఆకుపచ్చ అంచు చీర మీద దుమ్ము. నేను వేదిక మీది నుంచి చెయ్యి చాపి చూపించాను. "అదుగో, వచ్చింది! నన్ను నమ్మకపోతే ఆమెనే అడగండి!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో లేచి కుర్చీ ఇవ్వబోయారు. ఆమె వద్దంది. వరసల మధ్య నుంచి నడిచి నా దాకా వచ్చి, మెల్లగా, నాకొక్కడికే వినబడేలా అంది.

"తాళంచెవి ఇయ్యుండ్రి."

ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయింది. అలసిపోయిందని సభకు చెప్పి, నేను మిగతా ఉపన్యాసం పూర్తి చేశాను. పూర్తి చేశాను, చూడండి. ఆమె మొహం చూసి కూడా.

ఇంటికి పోయేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె చెప్పింది తక్కువే. రిక్షా దిగేసరికి రైలు కదిలిపోయింది. రోడ్డు దాటి నర్సంపేట బస్సు ఎక్కింది. నర్సంపేటలో నెక్కొండ బస్సు కోసం చాలాసేపు నిలబడింది. బడికి చేరేసరికి పన్నెండు దాటింది.

"జాబితాల రెండో ఆమె పొద్దటి నుంచి ఆడనే కూసున్నదట. నేను వోయేటాళ్లకు రిజిస్టరుల సంతకం పెట్టి, ఆరో తరగతిల పాఠం చెప్తాంది. కిటికీ కాడ నిలబడి జరసేపు విన్న. మంచిగనే చెప్తాంది."

నేను మాట్లాడబోయాను. కార్బొరేటర్ గురించి ఏదో అన్నాననుకుంటాను. ఆమె గంటె పక్కన పెట్టింది.

"అన్నయ్య నీళ్లు తాగుమన్నడు. మీరు ఇంకోటి కొడతనన్నరు. ఇద్దరు బండితోటే మాట్లాడిన్రు. నేను ఎన్ని గంటలకు పోవాల్నో ఒక్కలన్న అడిగిన్రా?"

ఇంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఆ తర్వాత దాని గురించి ఎన్నడూ ఎత్తలేదు. బావకు కూడా రైలు తప్పిందని మాత్రమే చెప్పింది. బావ ఆ రోజు నుంచి నా ముందు మూడు కిక్కుల మాట తీయలేదు. గెలిచిన వాదం మీద నోరు మూసుకోవడం ఆయనకు చేతనైంది. నాకు చేతకాలేదు. ఆ హాలులో చప్పట్లు కొట్టినవాళ్లకు నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: ఆమె చేరలేదు.

రెండు మూడు వారాల తర్వాత కార్బొరేటర్ కడిగించడానికి స్టేషన్ రోడ్డులో మెకానిక్ దగ్గరికి పోయాను. పెద్దాయన. సంగతంతా విని అడిగాడు.

"టిక్లరు ఎన్నిసార్లు నొక్కిన్రు సారూ?"

"గుర్తు లేదు."

"కోపంల నొక్కినోనికి గుర్తుండదు. మూడు కిక్కులకు లేవకపోతే ఇడిచిపెట్టి జర కూసోవాలె సారూ. నీళ్లు తాగుండ్రి, బీడీ తాగుండ్రి, మీ ఇష్టం. పెట్రోలు ఆరిపోతది. ప్లగ్గు పొడిగైతది. గంతే. మా ఉస్తాద్ గట్లనే నేర్పిండు."

నేను షెడ్డులో బల్ల మీద కూర్చుండిపోయాను. బావ పీట, చెంబు, మౌనం, వాటి వెనుక ఉన్నది ప్లగ్గు ఆరడానికి పట్టే సమయం. కారణం తెలియకుండా బావ సరైన పని చేస్తున్నాడు. కారణం తెలిసి నేను తప్పు పని చేశాను. శకునం నిజమని కాదు, అది ఇప్పటికీ అబద్ధమే, దాని మీద నాతో ఎవరైనా వాదించవచ్చు. కానీ ఎవరు చెప్పారన్నది చూసి, ఏం చెప్పారన్నది వదిలేశాను. ఇది హేతువాదం కాదు. అహంకారానికి ఫిజిక్స్ డిగ్రీ ఉండటం మాత్రమే.

తర్వాత ఆరేళ్లకు ఆమెకు హన్మకొండలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ ఆరేళ్లూ ఇంటి వరండాలో పిల్లలకు పాఠాలు చెప్పింది. ఉద్యోగం వచ్చిన తర్వాత కూడా కొంతకాలం నేనే బండి మీద దింపేవాణ్ణి. నేర్చుకుంటానని రెండుసార్లు అడిగింది. రాడ్డు ఎదురు తిరిగితే కాలు విరుగుతుందని చెప్పాను. స్త్రీ స్వేచ్ఛ మీద నేను రాసిన వ్యాసాలు అదే గదిలో కట్టలుగా ఉన్నాయి. కిక్ రాడ్డు నా పక్షాన సాక్ష్యం చెబుతుంటే నాకు ఇంకో వాదన అక్కర్లేకపోయింది.

ఎనభైల నడుమ బటన్‌తో లేచే స్కూటర్లు మా ఊరికి వచ్చాయి. స్టేషన్ రోడ్డు మెకానిక్ షెడ్డులో పెద్ద మాటే నడిచింది. బటన్ నొక్కితే లేచేది బండేనా అని ఒకరు. బ్యాటరీ దిగితే నడిరోడ్డు మీద ఏం చేస్తారని ఒకరు. ఆడోళ్ల బండి అని అందరూ. నేను అక్కడే బల్ల మీద మోకాలు పట్టుకుని కూర్చున్నాను. మగతనం కాలి పిక్కలో ఉందని నమ్మే ఆ జనం ముందు నేను లేచి మాట్లాడాలి కదా? నోరు తెరవలేదు. అలసట అనుకున్నాను. కాదు, లోపల ఎక్కడో నేనూ వాళ్లలో ఒకణ్ణే. కిక్కు కొట్టగలగడం తప్ప ఆమె కంటే నాకు ఎక్కువ వచ్చింది ఏమీ లేదు, అదీ పోతుందని భయం.

ఆమె నన్ను అడగలేదు. తన జీతంతో ఆ బటన్ స్కూటరు తెచ్చుకుంది. తెచ్చిన పొద్దు బావ అరుగు దిగి వచ్చి చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. ఆయనే నా వైపు చూసి అడిగాడు. "ఏందయ్యా, ఉపన్యాసం లేదా ఇయ్యాల?"

"లేదు బావా."

"మరి దీనికి మూడుసార్లు నొక్కాల్నా, ఎట్ల?"

"ఒక్కసారే అన్నయ్యా" అంది ఆమె. చేతి గడియారం చూసుకుంది. బటన్ నొక్కింది. చిన్నగా గురగురమని అందుకుంది. నిమ్మకాయ నలిగింది. నన్నూ, బావనూ, నిమ్మకాయనూ దాటి బడికి పోయింది.

ఇప్పుడు నేను ఆమె వెనుక కూర్చుని పోతున్నాను. కాలు మడవడం కష్టం, నేను ఎక్కేదాకా ఆమె బండిని కదలకుండా పట్టుకుంటుంది. ఎక్కేముందు నన్ను ఒక మాట అడుగుతుంది: "ఎన్ని గంటలకు పోవాలె?" ప్రతిసారీ అడుగుతుంది. దెప్పి పొడవడం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

మీ ఇంట్లో ఇప్పటికీ కిక్కు బండి ఉంటే, రేపు పొద్దున అది లేవకపోతే, నాలుగోసారి కాలు ఎత్తకండి. దిగండి. శకునం అనేవాడికి జవాబు తర్వాత చెప్పవచ్చు, వాడు ఎక్కడికీ పోడు. వెనక్కి తిరిగి, నిలబడి ఉన్న మనిషి మొహం చూసి, ఎన్ని గంటలకు పోవాలో అడగండి. వీధి మొగకు పోయి మీరే రిక్షా పిలుచుకు రండి. ఈ ఆదివారమే ఆమెను మైదానానికి తీసుకుపోయి, టిక్లర్ ఎక్కడుందో, ముల్లు ఎక్కడ ఆగాలో, లివరు ఎప్పుడు నొక్కాలో చూపించండి. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి పక్కకు జరగండి.